కండెలక్క తలుపు

కండెలక్క మెల్లగా మాట్లాడడం ఊళ్ళో జనం ఒక్కసారే విన్నారు. మిగతా రోజుల్లో ఆవిడ పొరుగింటి వాళ్ళను ఉప్పు అడిగినా వీధి చివరి వాళ్ళు తెచ్చిచ్చేవారు. ఆవిడ తప్పేం లేదు. పెళ్ళికి ముందు నుంచీ దారం మిల్లులో కండెలు చుట్టిన మనిషి. ఆ యంత్రాల హోరులో గొంతు చించుకున్నా పక్క మనిషికి వినపడదు. దాంతో మిల్లు వాళ్ళకు రెండు అలవాట్లు పట్టుకున్నాయి. మిల్లు బయట అరిచి మాట్లాడడం, మిల్లు లోపల చేతులతో మాట్లాడడం. వాళ్ళ వీధిలో మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకుంటే నాలుగిళ్ళ అవతల నవ్వులు వినపడేవి. రహస్యమంటూ ఏదైనా ఉంటే అది చేతుల్లోనే దాగేది.

ఆ చేతిమాట ఏ బళ్ళోనూ నేర్పేది కాదు. మిల్లు వాళ్ళే పుట్టించుకున్నారు. ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నట్టు చేస్తే మేనేజరు వస్తున్నాడని అర్థం. పొట్ట మీద గుండ్రంగా చెయ్యి తిప్పితే మేస్త్రీ. చూపుడువేలు గిరగిరా తిప్పితే కండెలక్క. భుజం మీంచి జడ ముందుకు లాక్కున్నట్టు చేస్తే ఆవిడ చెల్లెలు. గేటు దగ్గర కాపలా ఉండే తాళాలాయన అయితే గుమ్మంలో నిలబడి పనివాళ్ళంతా చూస్తుండగానే కండెలక్కని పెళ్ళి చేసుకుంటావా అని చేతులతో అడిగాడు. "ముందు పక్కకు జరుగు, వెలుతురు అడ్డం" అని ఆవిడ చేతులతోనే జవాబిచ్చింది. దాన్నే ఒప్పుకోలు అనుకుని పెళ్ళి చేసుకున్నాడని ఇప్పటికీ వేళాకోళం చేస్తారు.

పెళ్ళయ్యాక ఇంట్లో పోట్లాటలూ చేతులతోనే జరిగేవి, అత్తగారికి తెలియకుండా. ఓడిపోయిన వాళ్ళు చేతులు జేబులోనో కొంగులోనో దాచేసుకునేవారు. మిల్లు మనుషుల్లో అంతకు మించిన మౌనం లేదు.

మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. యజమాని మనవడు ఆ భవనాన్ని మ్యూజియానికి ఇచ్చాడు, ఊరి గతాన్ని భద్రపరచాలని. గతం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చిన వాళ్ళను కాస్త కనిపెట్టి ఉండాలి. అయితే ఆ సంగతి కండెలక్కకు మొదట తట్టలేదు. ఆవిడ సంతోషమంతా యంత్రం గురించే. వచ్చినవాళ్ళకు దారం చుట్టి చూపించడానికి మ్యూజియం ఆఫీసరమ్మ కబురు చేసింది. ఆఫీసరమ్మ అంటే పెద్ద వయసేం కాదు, కండెలక్కకు కూతురుంటే ఆ ఈడుదే. మనిషి మంచిది. కుర్చీ వేసి, టీ ఇచ్చి, "అక్కా, మీకు ఏం కావాలన్నా నన్నడగండి" అంది.

కండెలక్క యంత్రం ముందు కూర్చుని తెగిన రెండు దారపు కొసలు పట్టుకుంది. వేళ్ళు వాటంతటవే ముడి వేశాయి. నూనె వాసన తగలగానే కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని తల తిప్పితే తలుపు కనపడింది.

ఆ గదికి అటు చివర వెనక తలుపది. లేత నీలం రంగు వేశారు. బార్లా తెరిచి గోడకు మరలతో బిగించేశారు. బయట పూలమొక్కలు, లోపలికి బోలెడు ఎండ. కండెలక్క లేచి వెళ్ళి తలుపు బయటివైపు తడిమింది. గడియ ఉండాల్సిన చోట లప్పం పెట్టి పైన రంగు పూశారు. బొటనవేలితో నొక్కితే లోపలి గుంటలు తెలిశాయి.

"ఆఫీసరమ్మా, దీని గడియేదీ?"

"తుప్పు పట్టిందని తీసేశారక్కా."

"గోడకు బిగించేశారేం?"

"గాలీ వెలుతురూ బాగా వస్తాయని. చూసేవాళ్ళకు హాయిగా ఉంటుంది కదా."

"మేం పనిచేసినన్నాళ్ళూ రాలేదమ్మా గాలీ వెలుతురూ," అంది కండెలక్క.

ఆ తలుపు సంగతి మిల్లు వాళ్ళందరికీ తెలుసు. దారం దొంగతనంగా బయటకు పోతోందని మిల్లు ఒక నియమం పెట్టింది. పని మొదలవగానే వెనక తలుపుకు బయటనుంచి గడియ వేసి తాళం పెట్టడం, గంట కొట్టాక తీయడం. వేసేదీ తీసేదీ తాళాలాయన. మొదట్లో అందరూ గొణిగారు. తర్వాత అలవాటు పడిపోయారు. "మనం పోతే మిల్లుకు దిగులు, అందుకే గొళ్ళెం" అని జోకులు కూడా వేసుకున్నారు.

ఒక మధ్యాహ్నం కరెంటు తీగ కాలి దూదికి నిప్పంటుకుంది. కండెలక్క ఉదయం పని ముగించి ఇంటికి వచ్చేసింది. చెల్లెలు మధ్యాహ్నం పనిలోకి వెళ్ళింది. తాళాలాయన అలవాటు ప్రకారం తాళం వేశాడు. దూది బేళ్ళ లారీ వచ్చింది, లెక్క చూసుకోమని మేనేజరు కబురు పెడితే తాళంచెవి మొలలో దోపుకుని ముందు గేటు దగ్గరకు పోయాడు. ఆయన పొడుగాటి ప్రహరీ చుట్టూ పరుగెత్తుకొచ్చేసరికి గడియ కాలి ఎర్రబారింది. వట్టి చేతులతో లాగాడు. అప్పటికి ప్రాణం ఉన్నవాళ్ళు బయటపడ్డారు. పదకొండు మంది పడలేదు. వాళ్ళలో చెల్లెలొకతె.

తాళాలాయన అరచేతులు కాలిపోయాయి. వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. రెండు చేతులకూ కట్లతో పేపర్లో ఫోటో పడింది. అంత దుఃఖంలో ఊరికి ఒక వీరుడు కావలసి వచ్చాడు, ఈయన దొరికాడు. అప్పటినుంచి టీ కొట్టువాడు లేచి బెంచీ ఇస్తాడు, బళ్ళో పిల్లలకు చూపిస్తారు. ఆయన మాత్రం పొగడ్త వినపడగానే చేతులు జేబులో పెట్టుకునేవాడు. వినయం అనుకున్నారు జనం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనే సామెత ఊరంతా వాడుతుంది కానీ ఆ ఇంట్లో మాత్రం ఎవరూ అనరు.

మ్యూజియం గోడకు పెట్టబోయే ఫలకాన్ని ఆఫీసరమ్మ కండెలక్కకు చదివి వినిపించింది. ప్రమాదవశాత్తు మంటలు చెలరేగాయనీ, కాపలాదారు ప్రాణాలకు తెగించి తలుపు తెరిచి ఎందరినో కాపాడాడనీ, అసువులు బాసిన వారికి ఊరు నివాళి అర్పిస్తోందనీ ఉంది. పక్కన కట్ల చేతుల ఫోటో.

"బాగుందా అక్కా?"

"తలుపు తెరిచాడంటే అది మూసి ఉందనేగా?" అంది కండెలక్క.

ఆఫీసరమ్మ మళ్ళీ చదువుకుంది. "అవును. మూసి ఉందనే."

"మూసి ఉందంటే ఎవరో మూసినట్టేగా?"

"ఎవరు మూశారు?"

ఇన్నేళ్ళలో ఎవరూ కండెలక్కను ఆ ప్రశ్న అడగలేదు. అందరికీ తెలుసు కాబట్టి అడగలేదు, అందరికీ తెలుసు కాబట్టి చెప్పలేదు. "ముందు ఆ సంగతి మ్యూజియం కమిటీలో ఎత్తు. నేనూ వస్తా," అంది.

కమిటీలో యజమాని మనవడున్నాడు, ఒకప్పటి యూనియన్ నాయకుడు జెండా తాత ఉన్నాడు. ఇద్దరికీ పడదు. ఆ రోజు మాత్రం కలిసి కండెలక్క మీద పడ్డారు.

"మా తాతగారు ఆ రోజు ఊళ్ళోనే లేరు. పాత పుళ్ళు ఇప్పుడెందుకు రేపడం? చిన్న పిల్లలు వచ్చే చోటండీ ఇది," అన్నాడు మనవడు.

జెండా తాత బల్ల గుద్దాడు. "రాస్తే యజమాని తన చేతులతో తాళం వేశాడని రాయండి. లేకపోతే అసలు రాయొద్దు."

"ఆయనెప్పుడైనా ఆ గుమ్మం దాకా వచ్చాడా తాతా? వేయించాడు. వేయలేదు," అంది కండెలక్క.

"రెండూ ఒకటేగా!"

"ఒకటెలా అవుతుంది? తాళం తీసెయ్యాలని మన కోరికల్లో మొట్టమొదట ఉండేది. జీతాల మాట తేలాక చూద్దామన్నావు. జీతాలు తేలాయి, తాళం కోరిక గాలికి పోయింది. మేమూ ఊరుకున్నాం. ఆ ముక్క కూడా రాయాలి."

జెండా తాత మొహం కందగడ్డ అయిపోయింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ గదిలో ఎవరి చుట్ట వాళ్ళదే. ఒకడికి తాత పేరు కావాలి, ఒకడికి జెండా రంగు వెలవకూడదు. పోయిన పదకొండు మంది ఎవరికీ పట్టినట్టు లేదు. చివరికి కర్ర విరగకుండా పాము చావకుండా తీర్మానం చేశారు. ఫలకం ఉన్నదున్నట్టే ఉంటుంది. ప్రారంభం నాడు తాళాలాయనకు సన్మానం చేస్తారు. కండెలక్క యంత్రం తిప్పితే చాలు, వివరాలు టేపులో వినిపిస్తారు.

"మీకెందుకండీ శ్రమ," అన్నాడు మనవడు నవ్వుతూ.

కండెలక్క దండం పెట్టకుండా లేచింది. ఆవిడ కోపం ఎలా ఉంటుందంటే, పొంగేది కాదు, గడ్డకట్టేది. ఒకసారి గడ్డకట్టిందంటే ఎవరి తరమూ కాదు. అయితే ఒకరిని అడక్కుండా అడుగు వెయ్యడానికి మనసొప్పలేదు. ఇంటికి వెళ్ళి మొగుడి ముందు టీ గ్లాసు పెట్టింది. ఆయన ముడుచుకోని వేళ్ళ మధ్య దాన్ని పొదివి పట్టుకున్నాడు.

"నీ ఫోటో కడతారట," అంది.

"విన్నాను."

"తలుపు తెరిచినాయన అని రాస్తారట. మూసినాయన ఎవరో రాయరట."

ఆయన గ్లాసు కింద పెట్టి చేతులు జేబులో పెట్టుకున్నాడు.

"దాచెయ్యి, దాచెయ్యి. అవి అక్కడే కుళ్ళిపోతాయి," అంది కండెలక్క. వీధంతా విని ఉంటుంది. తర్వాత ఆయన పక్కన కూర్చుంది. "ఇదుగో విను. నీ మీద పగతో కాదు. పగ ఉండేది, లేదని అబద్ధమెందుకు. నీకు అన్నం పెడుతూ కూడా ఉండేది. అది ఎప్పుడు అరిగిపోయిందో నాకే తెలీదు. కానీ నా చెల్లిని ఆ తలుపు చంపింది. ఇప్పుడా తలుపుకు నీలం రంగేసి, పూలకుండీలు పెట్టి, అది ఎప్పుడూ తెరిచే ఉందన్నట్టు చేస్తున్నారు. మరి నా చెల్లెందుకు చచ్చిపోయింది? కాళ్ళు లేక చచ్చిపోయిందా? గుమ్మం కనపడక చచ్చిపోయిందా?"

"జనం ఉమ్మేస్తారే," అన్నాడాయన.

"తుడుచుకుందాం."

"నా పరువు పోతుంది."

"పోతుంది. నాదీ పోతుంది. నేను చెప్పేది చెప్తాను. నీ మాట మాత్రం నేను చెప్పను, అది నువ్వే చెప్పాలి. చెప్పకపోయినా నీకు అన్నం పెడతాను," అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

ప్రారంభోత్సవం నాడు గది కిక్కిరిసింది. ముందు వరస కుర్చీల్లో పెద్దలు, వాళ్ళ మధ్య ఇస్త్రీ చొక్కాలో తాళాలాయన, ఒళ్ళో పూలగుత్తి. గోడవార నిలబడింది పాత మిల్లు ఆడవాళ్ళు. కుర్చీలు వాళ్ళ దాకా రాలేదు. ఆఫీసరమ్మ సైగ చేసింది. టేపులో మగగొంతు గంభీరంగా మొదలైంది. కండెలక్క మీట నొక్కింది.

అంతకుముందు సరిచూసుకున్నప్పుడు యంత్రంలో ఒక్క వరస కండెలే తిప్పారు, టేపు చక్కగా వినపడింది. ఆ రోజు కండెలక్క అన్ని వరసలూ ఒకేసారి వదిలింది. గది దద్దరిల్లింది. టేపులో గొంతు హోరులో మునిగిపోయింది. మనవడు చెవులు మూసుకుని నవ్వాడు, పాత రోజులు కళ్ళకు కట్టాయన్నట్టు.

కండెలక్క లేచి నిలబడి చేతులెత్తింది.

ముందు భుజం మీంచి జడ ముందుకు లాక్కున్నట్టు చేసింది. గోడవారన ఎవరో నోరు నొక్కుకున్నారు. ఆ జడ ఆ గదిలో కనపడి ఎన్నేళ్ళయిందో. తర్వాత వేళ్ళు పైకి ఆడించి మంట చూపింది. రెండు అరచేతులు అంచులు కలిపి తలుపు చూపింది. ఒక చేతి పిడికిలితో రెండో అరచేతిని దబదబా బాదింది. చివరికి గోడవార ఆడవాళ్ళ వైపు తిరిగి అరచెయ్యి చాపింది. తెరిచి ఉందా, మూసి ఉందా? చెప్పండి.

కాసేపు ఎవరూ కదల్లేదు. ఆ ఊళ్ళోనే బతకాలి, వాళ్ళ పిల్లలు ఆ ముందు వరస పెద్దల దగ్గరే ఉద్యోగాలు చేస్తున్నారు. అప్పుడు అందరికంటే ముసలావిడ, ఆ తలుపులోంచి బయటపడ్డ ఆవిడే, చేతికర్ర చంకలో ఇరికించుకుని రెండు అరచేతులూ కలిపి పైకెత్తింది. మూసి ఉంది. పక్కావిడ ఎత్తింది. ఆ పక్కావిడ ఎత్తింది. గోడ పొడవునా చేతులు లేచాయి. మనవడికి ఇదంతా పాత మిల్లు నమస్కారం అనిపించినట్టుంది, చప్పట్లు కొట్టాడు.

కండెలక్క మొగుడి వైపు చూసింది. ఆయన చేతులు జేబులోకి వెళ్ళాయి. అయినా ఆవిడ చూపు తిప్పలేదు. యంత్రం తిరుగుతూనే ఉంది.

తాళాలాయన పూలగుత్తి కింద పెట్టి లేచాడు. చేతులు బయటకు తీశాడు. ముడుచుకోని వేళ్ళతో మాట్లాడడం కష్టం, చేతిమాటలో నత్తిలాంటిది. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. తాళం తిప్పినట్టు చేశాడు. తలుపు చూపించాడు. అంతవరకు అందరికీ తెలిసిందే. ఆయన ఆపలేదు. చెవి చూపించాడు. మూసీమూయని పిడికిలితో అరచేతిని బాదాడు. రెండు చేతులూ ఒకదానికొకటి తగిలించి పోట్లాట అన్నాడు, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నట్టు చేశాడు. తర్వాత గాలిలో వేలితో ఒకటి, రెండు, మూడు అని బేళ్ళు లెక్కపెట్టినట్టు చేశాడు. లెక్కపెడుతూనే ఉన్నాడు. మళ్ళీ చెవి చూపించాడు. మళ్ళీ లెక్క పెట్టాడు.

కండెలక్క చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఆ ముక్క ఆవిడకు తెలియదు. ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిన్నా తెలియదు. యంత్రం ఆపేసింది.

ఉన్నట్టుండి నిశ్శబ్దం. టేపులో గొంతు "ప్రాణాలకు తెగించి" అంటుంటే ఆఫీసరమ్మ వెళ్ళి దాన్ని కట్టేసింది. "ఏమన్నారక్కా ఆయన?" అంది.

అప్పుడే ఊళ్ళో జనం కండెలక్క మెల్లగా మాట్లాడడం విన్నారు. వెనక వరస వాళ్ళు ముందుకు వంగి విన్నారు.

"తాళం నేనే వేశానంటున్నాడు. ముందు గేటు దగ్గరికే తలుపు బాదుతున్న చప్పుడు వినపడిందంటున్నాడు. ఏదో పోట్లాట అనుకున్నాడట. బేళ్ళ లెక్క మధ్యలో వదిలితే మేనేజరు తిడతాడని, లెక్క పూర్తి చేసి వెళ్ళాడట." ఆవిడ ఊపిరి తీసుకుంది. "తాళం వెయ్యమన్నది మిల్లు. తీయించమని గట్టిగా అడగనిది మేము. ఆ తర్వాత సంగతి ఆయన చెప్పాడు. ఇంతే జరిగింది."

సన్మానం జరగలేదు. మనవడు టీ తాగకుండా కారెక్కాడు. జెండా తాత తలొంచుకుని కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. తాళాలాయన తన ఫోటో తనే కిందికి దించి గోడకు తిప్పి పెట్టాడు.

ఆ తర్వాత సంగతులు సులువుగా నడవలేదు. టీ కొట్టువాడు బెంచీ ఇవ్వడం మానేశాడు. కొడుకును పోగొట్టుకున్న ఒకావిడ వాళ్ళ గుమ్మం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. తాళాలాయన చేతులు బయటపెట్టుకుని నిలబడి, ఆవిడ అలసిపోయేదాకా విన్నాడు. కండెలక్క మాట్లాడకుండా ఆవిడకు మంచినీళ్ళిచ్చింది. రాత్రిళ్ళు తనూ ఏడ్చింది. పగ అరిగిపోయిందనుకున్నది కాస్తా మళ్ళీ మొలిచింది. అన్నం పెడతానన్న మాటకు కట్టుబడి పెట్టింది, కొన్నాళ్ళు కంచం కాస్త చప్పుడు చేసింది.

అయినా మ్యూజియానికి వెళ్ళడం మానలేదు. తలుపు గోడనుంచి విప్పి, గడియ పెడితే తప్ప యంత్రం ముట్టనని కూర్చుంది. కమిటీ ఎన్నిసార్లు కూడినా ఆవిడది అదే మాట. మరొకరిని పెట్టుకుందామంటే గోడవార ఆడవాళ్ళలో ఒక్కరూ రాలేదు. ఒకరోజు జెండా తాత పాత సామాన్ల కొట్లోంచి ఆ గడియే వెతికి పట్టుకుని, పేపర్లో చుట్టి తెచ్చాడు. "నా పేరెత్తకు. గడియ మాత్రం పెట్టించు," అన్నాడు.

"పేరెత్తుతాను తాతా. గడియ తెచ్చావని కూడా చెప్తాను," అంది కండెలక్క.

తాత గొణిగాడు కానీ గడియ వెనక్కి తీసుకోలేదు.

ఆఫీసరమ్మ దగ్గరుండి లప్పం గీకించింది. ఫలకం దించేశారు, కొత్తదాని మీద ఏం రాయాలో ఇంకా తేలలేదు. గోడ మీద నాలుగు మేకుల గుంటలే ఉన్నాయి, వాటి కింద కమిటీ ఇప్పటికీ వాదించుకుంటోంది. కండెలక్కకు దాని కోసం ఆగే ఓపిక లేదు. జనం లోపలికి రాగానే తలుపు మూయిస్తుంది. బయట గడియ పడ్డ చప్పుడు అందరికీ వినపడుతుంది. ఎండ పోయి గది మసకబారుతుంది. యంత్రం తిప్పి, ఆపి, జరిగింది జరిగినట్టు అరిచి చెప్తుంది. చెల్లెలి జడ చూపిస్తుంది. తర్వాత, "మీలో ఎవరైనా వెళ్ళి తలుపు తట్టండి," అంటుంది.

బయట నిలబడేది తాళాలాయనే. ఆయనే అడిగి తీసుకున్నాడు ఆ పని. ఎండైనా వానైనా గడియ మీద చెయ్యి తీయకుండా, చెవి తలుపుకు ఆనించి నిలబడతాడు. లోపలి నుంచి ఒక్క దెబ్బ పడితే చాలు, తీసేస్తాడు. రెండో దెబ్బ ఎవరినీ కొట్టనివ్వడు.